పాట ఆపిన పరీక్ష

నమోదు 1. ఆదివారం

గాలిశాల దినచర్యలో గాలి సంగతులు తప్ప ఇంకేమీ రాయొద్దని జకరయ్య మావయ్య ఇవాళ మళ్లీ గద్దించాడు. ఆయన మా బేతేలు ఊరికి పెద్ద కాపరి. కాపరి అంటే గొర్రెలు కాసేవాడు కాదు. గొర్రె ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లు బొమ్మలో తప్ప చూడలేదు. చంద్రుడి నేల కింద, ఒకప్పుడు లావా పారి వదిలేసిన సొరంగంలో మా ఊరుంది. ఇక్కడ కాపరి కాసేది గాలిని. నేను ఆయన కింద సున్నం డబ్బాలు మార్చే ఓబద్యాను. మనం వదిలిన చెడుగాలిని పీల్చుకునే సున్నం అది. ఆదివారాలు వాక్యం చెబుతాను. ఏ బడిలోనూ చదవలేదు, ఏ బిషప్పూ నా తల మీద చెయ్యి పెట్టలేదు. లేఖనం ఒళ్లో పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి.

గాలి సంగతులే రాస్తాను మావయ్యా. కానీ దేవుడు గాలిని సీసాలో పోసి ఇవ్వలేదు, మట్టిబొమ్మ ముక్కులో ఊదాడు. మనిషిని వదిలి గాలి గురించి రాయడం నాకు చేతకాదు.

ఇవాళ్టి గాలి సంగతి: మా తూర్పు సొరంగంలో అన్నం ఉడకలేదు. ప్రెషర్ తగ్గితే నీళ్లు గబగబా మరిగి ఆవిరైపోతాయి, బియ్యం మాత్రం పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కరున్న ఇళ్లలో ఎవరికీ తెలియలేదు. కుండలో వండే మా ఆవిడ సలోమికి తెలిసింది. "మీ ప్రసంగానికి ఉన్న సెగ నా పొయ్యికి లేదండీ," అంది. లీకు ఉంది. ఎక్కడో కాపరులకు దొరకడం లేదు.

మరో సంగతి: మా మరదలు కెజియా కాపరి పరీక్ష మూడోసారి తప్పింది.

మా ఊళ్లో పరీక్షంటే పండగ. గాలిశాల ముందు ఇనప చట్రానికి వరసగా గొట్టాలు, ఒక్కో గొట్టానికి ఒక్కో వాల్వు. నిజంగా లీకైన రోజున దుమ్ము రేగి కళ్లు కనబడవు కాబట్టి, పరీక్షకు వచ్చినవాళ్లకు గంతలు కడతారు. మావయ్య ఏదో ఒక గొట్టానికి సన్నటి బెజ్జం తెరుస్తాడు. జనానికి తెలియడం కోసం ఆ బెజ్జం దగ్గర ఎర్ర రిబ్బను ముక్క కడతాడు, అది గాలికి రెపరెపలాడుతుంది. గంతలు కట్టుకున్న మనిషి తొడుగులు వేసుకుని గొట్టాలు తడుముతూ, గాలి బుస చెవితో పట్టుకుని, ఆ వాల్వు మూయాలి. వెనక ఊరు ఊరంతా పాట పాడుతుంది. మొదట్లో ఒక పరీక్షలో ఎవరో భయంతో కళ్లు తిరిగి పడిపోతే ధైర్యానికని అందుకున్న పాట, అదే ఆచారమైంది. పాట ఎత్తేది నేను.

కెజియాకు చెవులు వినపడవు. పడమటి సొరంగం పగిలిన రోజున ఆమె మొగుడు పోయాడు, ఆమె కర్ణభేరులు చిట్లిపోయాయి. పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటుంది, పట్టుకోలేనప్పుడు మెడలో వేలాడే పలక ముందుకు తోస్తుంది. ఊళ్లో గాలి గొట్టాల నోళ్లకున్న జాలీలన్నీ కడిగే పని ఆమెది. మనిషి నిప్పు.

గంతలు విప్పుకుని, ఎర్ర రిబ్బను ఇంకా ఎగురుతుండటం చూసి, ఆమె నేరుగా మావయ్య ముందుకు వెళ్లి నిలబడింది.

"చెవుల్లేనిదానికి గాలెట్టా అప్పజెప్పనే?" అన్నాడు ఆయన, పెదాలు కనబడేట్టు నెమ్మదిగా.

"రాత పరీక్ష పెట్టు మావయ్యా. గాలి ఎందుకు పోతదో, ఎటు పోతదో రాసి చూపిస్తా. తప్పు రాస్తే సచ్చేదాకా నీ బూట్లు తుడుస్తా."

"కాగితం మీద గాలాడదు."

"నీ గొట్టాల మీద నాకు న్యాయం ఆడట్లేదు!"

జనం నవ్వారు. మావయ్య నవ్వలేదు.

నమోదు 2. సోమవారం

సున్నం డబ్బాలు మార్చాను. తలుపు సీళ్లకు గ్రీజు రాశాను. తూర్పు ప్రెషర్ ఇంకా తగ్గింది. గోంగూర మడుల్లో ఆకులు ముడుచుకుంటున్నాయి.

కాపరులు సొరంగమంతా గోడల వెంట పాకుతూ వెతుకుతున్నారు. వాళ్లలో ఏసుపాదం మంచి కుర్రాడు, పరీక్షలో ఎవరూ మూయనంత త్వరగా వాల్వు మూసినవాడు. ఇవాళ వాణ్ణి చూస్తే దిగులేసింది. చెంపలు పీక్కుపోయాయి. గోడకు చెయ్యి ఆన్చి కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంరా, ఒంట్లో బాగాలేదా?"

"ఉపవాసం ఉన్నానన్నా. ఏదో తప్పు చేసుంటా. పరీక్షప్పుడు తెలిసినట్టు ఇప్పుడు చేతికేమీ తెలవట్లేదు."

వాడి మాట నాకు అర్థం కాలేదు. ప్రార్థన చేసి పంపించాను.

సాయంత్రం సంఘ పెద్దలు తీర్మానించారు: వచ్చే ఆదివారంలోగా లీకు దొరక్కపోతే తూర్పు సొరంగాన్ని మూసేస్తారు. మా ఇళ్లు, గోంగూర మడులు, ప్రార్థన మందిరం, అన్నీ. అందరం గాలిశాల చుట్టుపక్కల గదుల్లో సర్దుకోవాలి. ఒకసారి మూసిన సొరంగాన్ని మళ్లీ నింపేంత గాలి మా జీవితకాలంలో దొరకదు.

కెజియా నా దగ్గరకొచ్చి, "ఆ లీకెక్కడో నాకు తెలిసినట్టుంది బావా. వాల్వులు విప్పి చూస్తేగానీ గట్టిగా చెప్పలేను," అంది. సర్టిఫికెట్ లేని చెయ్యి వాల్వు మీద పడితే మా ఊళ్లో వెలి. ఆ కట్టడ పెట్టింది జకరయ్య మావయ్యే.

"ముందు ఆయనతో చెప్పవే," అని పలక మీద రాశాను.

"చెప్పా. 'పరీక్షలో రిబ్బను గొట్టం కనుక్కోలేనిదానివి, ఊరి లీకు కనుక్కుంటావా' అన్నాడు."

నమోదు 3. మంగళవారం

పెద్దల సభలో అగ్గి రాజేశాను.

"పర్వతం మీద దేవుడు ఆజ్ఞలు నోటితో చెప్పి ఊరుకున్నాడా? రాతి పలకల మీద చెక్కి ఇచ్చాడు! ఆ పలకలు పగిలితే పోనీలెమ్మని నోటిమాటతో సరిపెట్టాడా? మళ్లీ చెక్కి ఇచ్చాడు! రాతంటే మీకెందుకంత రోత? చేతులొద్దని నేననడం లేదు. ప్రళయం ముందు ఓడ కట్టిన ముసలాయన చేతులతోనే కట్టాడు, కాని కొలతలు దగ్గర పెట్టుకుని కట్టాడు. కొలత తెలియని చెయ్యి, చెయ్యి కదలని కొలత, రెండూ మునిగేవే!"

జకరయ్య మావయ్య లేచాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు.

"పడమటి సొరంగం నడిపినోళ్లందరికీ రాత పరీక్షలో పెద్ద పెద్ద మార్కులొచ్చినయ్ ఓబద్యా. కింద, భూమ్మీద, కిటికీలు తెరుచుకుని ఫ్యాను కింద కూర్చుని రాసిన పరీక్ష. పగులొచ్చిన రోజు ఏ వాల్వు ఎక్కడుందో తెలవక పుస్తకం తిరగేశారు. నేను పోయేసరికి పేజీలు గాల్లో ఎగురుతున్నయ్. శవాలు మోసింది నేను. మా తమ్ముణ్ణి మోసింది నేను. ఆ పగులు తర్వాత బయట్నించి అతికించాం. ఏం లాభం, నింపడానికి గాలేది? అట్టాగే తలుపేసి వచ్చాం. ఇంకో సొరంగాన్ని కాగితానికి అప్పజెప్పమంటావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు తెలివైనవాడు కూర్చుంటాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. అరిచి అరిచి, చంద్రధూళి గొంతులో పడి, నా నోట మాట ఆగిపోయింది. ఆగిపోవడమంటే పూర్తిగా. పిల్లికూతంత కూడా రాలేదు.

సలోమి వేడినీళ్లిచ్చి, "దేవుడు ఆలకించాడు," అంది. ఎవరి ప్రార్థనో చెప్పలేదు.

నమోదు 4. బుధవారం

గొంతు లేదు. పలక మెడలో వేసుకుని పనికి వెళ్లాను. నన్ను చూసి కెజియా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇన్నాళ్లూ నీ ప్రసంగం వినే బాధ ఊళ్లో నా ఒక్కదానికే లేదనుకున్నా. ఇప్పుడు అందరికీ తప్పింది!"

ఇవాళ సువర్ణరాజు అనే అతనికి పరీక్ష. తూర్పును వెతకడానికి ఇంకో కాపరి కావాలని మావయ్య తొందరపడ్డాడు. పాట వేరేవాళ్లు ఎత్తారు. నేను పక్కన ఊరికే నిలబడ్డాను. ఇన్ని పరీక్షల్లో నేను నోరు మూసుకుని నిలబడటం ఇదే మొదలు. నోరు మూస్తే చెవులు తెరుచుకుంటాయని ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది.

సువర్ణరాజు చెయ్యి రిబ్బను నుంచి దూరంగా వెళ్తుంటే పాట నీరసపడింది. ఎవరూ కావాలని తగ్గించలేదు. పాపం, దిగులుతో గొంతులు వాటంతటవే దిగిపోయాయి. అతను ఆగాడు. వెనక్కి తిరిగాడు. రిబ్బను వైపు వస్తుంటే పాట లేచింది. రిబ్బను కట్టిన గొట్టం మీద చెయ్యి పడగానే ఊరు ఊరంతా ఒక్కసారి పొంగింది. అతను వాల్వు మూశాడు. చప్పట్లు!

ఆ హోరులో బుస ఎవరికి వినపడుతుంది? అందరూ ప్రేమతో పాడుతున్నారు. ఆ ప్రేమే జవాబు చెప్పేస్తోంది.

పరుగున వెళ్లి ఏసుపాదాన్ని పట్టుకుని పలక మీద రాశాను: పరీక్షలో నీకు బుస వినపడిందా?

వాడు పలక చదివి తల అడ్డంగా ఊపాడు. "లేదన్నా. ఆ పాటలో ఎట్టా వినపడుద్ది? సరైన గొట్టం మీద చెయ్యి పడితే ఒళ్లు జల్లుమంది. పరిశుద్ధాత్మ చెప్తన్నాడనుకున్నా. మాలో ఎవర్నడిగినా అంతే, ఎవరికి వాళ్లం లోపల అట్టాగే అనుకున్నాం. ఇప్పుడు తూర్పులో చెయ్యి పెడితే ఏమీ తెలవట్లేదు. ఆత్మ మమ్మల్ని వదిలేశాడని..."

అందుకా ఉపవాసం! నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. బలపం విరిగేలా రాశాను: ఆత్మ కాదురా, మీ అమ్మ! మీ అమ్మ పాట!

నమోదు 5. గురువారం

ఇవాళ నా జీవితంలో గొప్ప ప్రసంగం చేశాను. ఒక్క మాట కూడా మాట్లాడకుండా.

గాలిశాల ఎదురు గోడ నల్లటి లావా రాయి. బక్కెట్లో వాడేసిన సున్నం కలుపుకుని, గుడ్డ ముంచి, జానెడు అక్షరాలతో రాశాను. బక్కెట్ పట్టుకుంది కెజియా. నిన్నటి సంగతి పలక మీద చదివిన దగ్గర్నుంచి ఆమె కళ్లు మండుతున్నాయి.

"పెద్దగా రాయి బావా! గొంతు ఏనుగంత, రాత చీమంత, ఇదేం మనిషివయ్యా?"

గోడ మీద నేను రాసింది ఇది:

"లేఖనంలో ఆ న్యాయాధిపతి, ఏటి ఒడ్డున నీళ్లు తాగే తీరు చూసి తన సైన్యాన్ని వడపోసినప్పుడు, ఎలా తాగాలో వెనక నుంచి పాడి చెప్పడానికి ఎవరినీ నిలబెట్టలేదు. తాగుతున్నవాళ్లకు అది పరీక్ష అని కూడా తెలియదు. వేలమంది వెనక్కి వెళ్లారు, కొద్దిమంది మిగిలారు, ఆ కొద్దిమందే గెలిచారు. మన పరీక్షలో జవాబు మన నోటి నుంచే వస్తోంది. రిబ్బను మనం చూస్తున్నాం, మన పాట వాళ్లు వింటున్నారు. కెజియాకు పాట వినపడదు. అందుకే ఆమె తప్పింది. పాట ఆపండి. ఆపి, కాపరులందరికీ మళ్లీ పరీక్ష పెట్టండి."

చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించారు. తర్వాత గోల మొదలైంది. ఏసుపాదం తల్లి సువార్తమ్మ తడిగుడ్డ తీసి నా మీద విసిరింది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి అది తీరిగ్గా తేలుతూ వచ్చి మొహానికి తగిలింది.

"పాటాపమంటావా? వాక్యం చెప్పే నోటితో? నా కొడుకు దొంగ కాపరంటావా?"

నోరు లేదు కాబట్టి తుడుచుకున్నాను.

జకరయ్య మావయ్య వచ్చాడు. ఆయన చదవడం నెమ్మది. ఒక్కో అక్షరం మీద కన్ను నిలిపి, పెదాలు కదుపుతూ గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"రేపు," అన్నాడు. "అందరూ. పాట లేదు. ముందు నేను."

నమోదు 6. శుక్రవారం

అంత నిశ్శబ్దం బేతేలులో నేనెన్నడూ వినలేదు. తల్లులు పిల్లల నోళ్ల మీద చేతులు పెట్టారు. గాలిశాల పంకాలు కూడా కాసేపు ఆపేశారు.

బెజ్జం తెరిచి రిబ్బను కట్టే పని నాకు అప్పజెప్పారు. మావయ్య గంతలు తానే కట్టుకున్నాడు. చట్రం ముందు తల వంచి నిలబడ్డాడు. గొట్టాలు తడమలేదు. ఊరికే విన్నాడు. అప్పుడు నాకూ వినపడింది: సన్నగా, పిల్లపాము పడగ విప్పినట్టు, బుస. ఇన్నేళ్లలో ఆ చప్పుడు వినడం నాకిదే మొదటిసారి. ఆయన తిన్నగా వెళ్లి వాల్వు మూసి గంతలు విప్పాడు. ముసలాయన చెవి నిజమైన చెవి. పాట పుట్టకముందు పరీక్ష ఇచ్చినవాడాయన.

తర్వాత కాపరులు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఒకరి వెనక ఒకరు తప్పారు. బుస వినపడుతోంది, కాని ఎటు నుంచో పట్టే అలవాటు వాళ్ల చెవులకు లేదు. సువర్ణరాజు బెజ్జం పక్క నుంచే వెళ్లిపోయాడు. ఏసుపాదం వంతు వచ్చింది. చెయ్యి తప్పు గొట్టం మీదికి వెళ్తుంటే సువార్తమ్మ ఆగలేకపోయింది. ఆమె గొంతులోంచి కూనిరాగం పైకి రాబోయింది. పక్కావిడ చప్పున ఆమె నోరు మూసింది. ఊరు ఊరంతా అది చూసింది. సువార్తమ్మ కూడా తనను తాను చూసుకుంది. అంతే, నేల మీద కూర్చుండిపోయి, "అయ్యో, నేనే, నేనే చెప్పానా బిడ్డా?" అంది.

ఏసుపాదం తప్పు వాల్వు మూశాడు. గంతలు లాగి రిబ్బను చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. వాడు గాల్లోకి ఎగిరి దూకాడు. ఇక్కడ ఎగిరితే దిగడానికి ఆలస్యమవుతుంది. ఆ పైనుంచే అరిచాడు:

"అయితే ఆత్మ నన్నొదిలిపోలేదు మావయ్యా! అసలు నేనే నేర్చుకోలేదు! నేర్చుకుంటా! మొదట్నించీ నేర్చుకుంటా! అమ్మా, అన్నం పెట్టవే!"

ఓడిపోయినవాడు అంత సంతోషించడం నేను లేఖనంలో కూడా ఎక్కడా చదవలేదు.

మావయ్య కెజియా ముందుకొచ్చి నిలబడ్డాడు. "నా పరీక్ష అబద్ధం చెప్పిందే. నీ మీద మూడుసార్లు చెప్పింది. రాత పరీక్ష పెడతా. ఒకటే ప్రశ్న. తూర్పు గాలి ఎటు పోతంది?"

జనం ఉలిక్కిపడ్డారు. కాపరులందరూ కలిసి చెప్పలేని జవాబు అది.

"రేపు రాసియ్యాల. తప్పయితే తూర్పు పోద్ది. నీ సర్టిఫికెట్టు మాట నేను సచ్చేదాకా ఎత్తొద్దు."

"నువ్వు సచ్చేదాకా ఎందుకులే," అంది కెజియా. "బలపం ఉందా బావా?"

నమోదు 7. శనివారం

ప్రార్థన మందిరంలో బల్ల వేశారు. సున్నం సంచి చింపి, వెనక వైపు రాసింది. రాయడం అవగానే లేచి, "బోధకుడికి గొంతు లేదు, మావయ్యకు చదవడం ఆలస్యం. నేనే చదువుతా," అంది. తన గొంతు తనకు వినపడదు కదా, గోడలు అదిరిపోయేలా చదివింది. నాకు గుర్తున్నంత వరకు ఆమె మాటలే రాస్తున్నాను.

"గాలి బయటికి పోవట్లేదు. పోతే పోయినచోట బయటి దుమ్ము చెదిరిపోయి ఉండాల. బయట పనికెళ్లే వాళ్లందర్నీ అడిగా. దుమ్ము ఎక్కడా కదల్లేదు. కాబట్టి గాలి ఊళ్లోనే ఉంది.

"గాలిశాల నేల కింద ఒక పాత గొట్టముంది. తూర్పుకీ పడమరకీ కలిపి వేసింది. పడమర పోయినప్పుడు దాన్ని నడిమధ్యన మూశారు. ఇప్పుడది చచ్చిన గొట్టం. దాని జాలీ తూర్పులో ఇప్పటికీ ఉంది, నేను కడుగుతా. చచ్చిన గొట్టం జాలీ మీద దుమ్ము వదులుగా ఉండాల, చీపురు తగిలితే లేవాల. ఏళ్ల తరబడి అది కొంచెం కొంచెం బిగుస్తా వచ్చి, ఈ మధ్యన కంబళిలాగ అతుక్కుపోతంది. గోటితో గీకినా రావట్లేదు. అంటే కింద నించి ఏదో పీలుస్తంది. మెల్లగా, చప్పుడు లేకుండా. అందుకే ఏ చెవికీ దొరకలేదు.

"ఆ గొట్టం ఎటు పోద్దో పుస్తకం చూసి చెప్పట్లేదు. నేను పడమట కాపురం చేశా. తూర్పులో ఎవరైనా చేపలు వేపితే ఆ గొట్టంలోంచి మా ఇంటికి వాసనొచ్చేది. మా ఆయన కంచం ముందేసుకుని కూర్చునేవాడు."

ఆ మాట దగ్గర సంచి కాస్త కిందికి దించింది. మళ్లీ చదివింది.

"కాబట్టి తూర్పు గాలి పడమటికి పోతంది. పడమట పగులు బయట్నించి అతికించే ఉంది. పోయిన గాలంతా అక్కడే ఉండాల. అది చచ్చిన సొరంగం కాదు. గాలిశాల రోజూ చేసే కొత్తగాలితో, మనకు తెలవకుండా ఏళ్లుగా మనమే దానికి ఊపిరి పోస్తున్నాం."

మందిరంలో ఎవరికీ నోట మాట లేదు. నాకైతే మొదటి నుంచీ లేదు.

"ఆ గొట్టం మూసింది నేను," అన్నాడు మావయ్య. "ఈ చేతుల్తో మూశా."

కెజియా ఆయన పెదాలు చూసి తల ఊపింది. "బాగానే మూశావు మావయ్యా. నువ్వు మూయబట్టే తూర్పు బతికింది. కానీ ఎన్నేళ్లయింది? నీ మోకాళ్లలోనే పట్టు సడలింది, ఆ మూత రబ్బరుకుంటదా?"

ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. మావయ్య కూడా. ఆయన పళ్లు నేను చూడటం అదే మొదలు.

"సరే," అన్నాడు నవ్వు ఆపుకుని. "రాత అయింది. ఇంక చెయ్యి."

ఊరంతా పడమటి తలుపు దగ్గరికి నడిచాం. ఆ తలుపు మీది, ప్రెషర్ చూపే గేజీని ఏనాడో ఊడదీసి వేరేచోట బిగించుకున్నారు. చచ్చిన సొరంగానికి గేజీ ఎందుకని. తలుపుకు ఒక చిన్న కుళాయి ఉంది. అవతల శూన్యం ఉంటే, తెరిచిన కుళాయికి అరచెయ్యి అడ్డం పెట్టగానే అది పట్టేసి వదలదు.

"తొడుగేసుకో," అన్నాడు మావయ్య. "నేను నీ వెనకే ఉంటా. లాగితే నీ నడుం పట్టి గుంజుతా."

కెజియా తొడుగు వేసుకుని కుళాయి తిప్పి అరచెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది, తొడుగు విప్పేసి ఉత్త అరచెయ్యి పెట్టింది. ఇటు తిరిగింది. ఆ మొహం! బండ దొర్లిపోయిన సమాధి దగ్గర్నుంచి, ప్రభువు లేచాడన్న కబురు మోసుకుని పరుగెత్తిన ఆ ఆడవాళ్ల మొహం అలాగే ఉండి ఉంటుంది.

"లాగట్లేదు," అంది. "కొంచెం పీలుస్తంది, అంతే. నిండింది మావయ్యా. నిండిపోయింది!"

మావయ్య ఆమెను పక్కకు జరిపి తానూ చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత తలుపుకు నుదురు ఆనించాడు.

అక్కడే ప్రకటించాడు: తూర్పు మూయడం లేదు. ఈ రోజు నుంచి కాపరికి రెండు పరీక్షలు. చేతి పరీక్ష, పాట లేకుండా, రిబ్బను లేకుండా. వినపడనివాళ్లకు గేజీ చూసే వీలుతో. దాని పక్కన రాత పరీక్ష, గాలి ఎందుకు అలా చేస్తుందో రాయాలి. ఒకటి నెగ్గి ఒకటి తప్పితే ఏదీ నెగ్గనట్టే. పాత కాపరులందరూ మళ్లీ రాయాలి. "నేను కూడా," అన్నాడు. "పాట కావాలంటే ఫలితం వచ్చాక పాడుకోండి, గోడలు పగిలేట్టు పాడుకోండి."

నమోదు 8. ఆదివారం

గాలిశాలను పూర్తి జోరు మీద నడిపి రెండు పక్కలా ప్రెషర్ సమానం చేశాం. మా ఇంట్లో అన్నం పూలలా ఉడికింది. సలోమి పక్కింటికి కూడా పంపింది.

ఆరాధన పడమటి తలుపు ముందే పెట్టాం. నా గొంతు సగం వచ్చింది. తాళం పడిన తలుపుల వెనక భయపడుతూ దాక్కున్న శిష్యుల గురించి చెబుదామని లేచాను. రెండు మాటలు గీరగానే మావయ్య చెయ్యెత్తాడు. "చాలు ఓబద్యా. తలుపు తెరిస్తే అదే చెప్పుద్ది."

కాపరులందరూ కలిసి ఆ తలుపును లాగారు. లోపల చీకటి. లాంతర్లు ఎత్తాం. సొరంగం పొడవునా దుమ్ము, ఎవరూ తొక్కని దుమ్ము, మెత్తగా పరుచుకుని ఉంది. రెండు వైపులా గుమ్మాలు. గుమ్మాల మీద రాసిన ఇంటిపేర్లు ఇంకా చదవడానికి వస్తున్నాయి.

ఎవరూ అడుగు వేయలేదు. అందరూ కెజియానే చూశారు. ఆమె లోపలికి వెళ్లింది. అప్పుడు ఆ సొరంగంలోంచి ప్రాణాలతో బయటికి వచ్చిన చివరి మనిషి ఆమె, ఇప్పుడు మొదట వెళ్లిందీ ఆమే. మధ్యకు వెళ్లి ఆగి, గుండెల నిండా గాలి పీల్చింది. వదిలింది. తనకు వినపడదు కదా, ఎంత గట్టిగా అరిచిందో తనకు తెలియదు:

"గాలుందర్రా!"

ఆ అరుపు సొరంగం చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి మా మీద పడింది. మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చింది. గాలి లేనిచోట ప్రతిధ్వని ఉండదు. ఇన్నేళ్లు మూగబోయిన రాయి ఆమె మాటనే తిరిగి పలుకుతుంటే, ముసలివాళ్లు ఏడ్చారు, పిల్లలు కేరింతలు కొట్టారు. సువార్తమ్మ పాట ఎత్తింది. ఎవరూ ఆపలేదు. ఇప్పుడు పాడాల్సిందే!

"ఏమైందర్రా? ఎందుకు నోళ్లు తెరిచారు?" అంటోంది కెజియా, అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

జకరయ్య మావయ్య లోపలికి నడిచాడు. తన తమ్ముడి గుమ్మం ముందు ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత ఆమె దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఆయన గడ్డం వణుకుతోంది, పెదాలు కుదురుగా లేవు. ఆమెకు అర్థం కాలేదు. "ఏంటి మావయ్యా? సరిగ్గా చెప్పు."

ఆయన మళ్లీ చెప్పబోయాడు. రాలేదు. అప్పుడు ఆ పెద్దాయన, కాగితం మీద గాలాడదన్న మనిషి, ఒక చెయ్యి నేలకు ఆనించి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూపుడు వేలితో దుమ్ములో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరానికీ ఆగుతూ, వంకర టింకరగా, మేమందరం లాంతర్లు పట్టుకుని చూస్తుండగా:

కెజియా. గాలి కాపర.

ఆమె వంగి చదివింది. నిలబడినప్పుడు కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"రాత పరీక్షలో నీకు మార్కులు రావు మావయ్యా," అంది. "గుడి పెట్టడం మరిచిపోయావ్."

ఆయన గబగబా వంగి గుడి పెట్టాడు. లేవబోతూ తూలితే ఆమె చెయ్యి పట్టుకుంది. ఈలోపు ఊరంతా లోపలికి తోసుకొచ్చింది. ఎవరి ఇంటిపేరు ఏ గుమ్మం మీదుందో వెతుక్కుంటూ, పిల్లలు ఎగురుతూ, దుమ్ము రేపుతూ. కెజియా రెండు చేతులూ చాచి అందరినీ ఆపింది. కాపరిగా ఆమె ఊరికి ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఇది, అక్షరం తప్పకుండా రాస్తున్నాను:

"పక్కనించి నడవండర్రా! ఏయ్ ఏసుపాదం, కాలు తియ్యి, నా సర్టిఫికెట్టు తొక్కుతున్నావ్!"